అట్టముక్క మీద పేర్లు

తెనాలి, 2023

ఫిబ్రవరి 1, బుధవారం

భీష్మ ఏకాదశి. చీకటితోనే గుళ్లో మైకు పెట్టారు. విష్ణు సహస్రనామం, సుబ్బులక్ష్మిగారిది. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్లు పుస్తకాలు పట్టుకుని ఆ గొంతు వెంట పడుతున్నారు. ఒకావిడ రెండు శ్లోకాలు వెనకబడింది. అయినా దాటవేయలేదు. తన చోటు నుంచే తను చదువుకుపోతోంది. అందరూ లేచాక కూడా ఆవిడ పెదాలు కదులుతూనే ఉన్నాయి.

పక్కింటి మాస్టారు మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటూ అడిగారు. "భీష్ముడికి ఇచ్ఛామరణం గదా. యాభై ఎనిమిది రాత్రులు ఆ బాణాల మీద ఎందుకున్నాడంటారు?"

ఉత్తరాయణం కోసం, అన్నాను.

"కాదండీ. ధర్మరాజు అడగడం అవలేదు."

ఇంటికొచ్చి టీవీ పెడితే బడ్జెట్టు.

ఫిబ్రవరి 2, గురువారం

1980లో ఈ రోజే "శంకరాభరణం" విడుదలైంది. ఏటా డైరీలో రాసుకుంటాను. నేను చూసిన ఆటకి బాల్కనీలో పదిమందిమి. ముందు వరసలో ఎవరో సగంలో లేచి వెళ్లిపోయారు. నెల తిరిగేసరికి అదే హాలు ముందు ఎడ్లబళ్లు. పక్క ఊళ్ల నుంచి ముసలమ్మల్ని ఎక్కించుకొచ్చారు. కుర్చీలో కూర్చోవడం అలవాటు లేని ఒకావిడ నేల మీద, నడిచే దారిలో కూర్చుని చూసింది.

అటక మీద పెట్టె కోసం వెతికాను. పాత క్యాసెట్లది. దొరకలేదు. బల్లి గుడ్లు దొరికాయి.

పదకొండింటికి పడుకుంటున్నాను.

ఫిబ్రవరి 3, శుక్రవారం

నాలుగున్నరకి ఫోను. హైదరాబాదు నుంచి తమ్ముడు.

"విశ్వనాథ్ గారు పోయారన్నయ్యా. రాత్రి."

మా మేనమామ కొడుకూ విశ్వనాథమే. గుండె జబ్బు మనిషి. "ఎప్పుడు? పిల్లలకి చెప్పారా?" అన్నాను. తమ్ముడికి అర్థం కాలేదు. పోయింది "శంకరాభరణం" డైరెక్టరని నాకు అర్థమవడానికి నిమిషం పట్టింది. మా వాడు కాదని తెలిసి అమ్మయ్య అనుకున్నాను. ఆ తరవాత తెల్లారేదాకా మంచం మీదే కూర్చున్నాను. ఆ అమ్మయ్య లోపల గుచ్చుతూనే ఉంది.

92 ఏళ్లు. ఈ నెల 19కి 93 వచ్చేవి.

టీవీలో అందరిదీ ఒకే మాట. సినిమా విడుదలైన తారీకునే పోయారని. నిన్న ఉదయం డైరీలో ఆ తారీకు రాసుకుంటున్నప్పుడు ఆయన ఉన్నారు.

సెట్లో ఖాకీ చొక్కా, ఖాకీ ప్యాంటు. పనివాడి బట్టలు. మద్రాసు వాహినీ స్టూడియోలో మొదటి ఉద్యోగం సౌండు డిపార్టుమెంటులో. 1965లో "ఆత్మగౌరవం"తో డైరెక్టరయ్యే నాటికి ఎన్నేళ్లు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారో. ముందు విన్నారు. చూపించడం తరవాత. ఆయన సినిమాలో చెంబు కింద పెట్టిన చప్పుడు కూడా వినపడుతుంది.

మా ఆవిడ పొద్దున కాఫీ కలపలేదు. నేనూ అడగలేదు. తొమ్మిదింటికి ఇద్దరికీ గుర్తొచ్చింది.

ఫిబ్రవరి 4, శనివారం

మధ్యాహ్నం, అన్నాల దగ్గర వార్త. గాయని వాణీ జయరాం.

చెన్నైలో, నుంగంబాక్కం ఇంట్లో. ఒక్కరే ఉన్నారు. పనమ్మాయి తలుపు కొడితే పలకలేదట. భర్త 2018లో పోయారు. ఆవిడకి 77.

పద్మభూషణ్ ప్రకటించింది జనవరి 25న. పది రోజులు. చేతికింకా రాలేదు.

"మొన్ననే గదా ఫొటో వేశారు," అంది మా ఆవిడ. అన్నం కలిపిన చేయి అలాగే ఉంది.

మూడు జాతీయ అవార్డులు. మొదటిది తమిళ "అపూర్వ రాగంగళ్". తక్కిన రెండూ "శంకరాభరణం", "స్వాతికిరణం". రెండూ విశ్వనాథ్ గారివే.

"స్వాతికిరణం"లో పిల్లవాడికి ఆవిడ పాడారు. అప్పటికి నలభై అయిదు దాటాయి. నా క్యాసెట్ల షాపులో ఆ పాటలు నింపుతుంటే సంచి భుజాన వేసుకున్న పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. "ఈ పిల్లాడికి ఎన్నేళ్లు బాబూ?" అన్నాడు. చెప్పాను. నమ్మలేదు. తల అడ్డంగా ఊపుతూ, వింటూ, పాట అయ్యేదాకా కదల్లేదు. ఏమీ కొనలేదు.

"శంకరాభరణం"లో శిష్యుడు శంకరం మగపిల్లవాడు. వేషం కట్టింది తులసి. కచేరీ మధ్యలో గురువు కూలిపోతే పాట అందుకునేది ఆ పిల్లవాడు. గొంతు వాణీ జయరాం గారిది.

రెండో తారీకు ఆయన. నాలుగో తారీకు ఈవిడ.

ఫిబ్రవరి 5, ఆదివారం

పౌర్ణమి. పాకిస్థాన్ మాజీ అధ్యక్షుడు ముషారఫ్. ఢిల్లీ దరియాగంజ్‌లో పుట్టి, దుబాయిలో పోయాడు. 79.

టీ కొట్టు దగ్గర సెల్‌ఫోన్లో వార్త ఎవరో పైకి చదివారు. పక్కన మిలిటరీ నుంచి రిటైరై వచ్చినాయన. 1999లో కార్గిల్‌లో ఉన్నాడు. అందరం అతని వంక చూశాం, ఏదో అంటాడని. గ్లాసు కడిగి బల్ల మీద పెట్టాడు.

"మా వాడొకడు అక్కడే ఉండిపోయాడు సార్," అన్నాడు. డబ్బులిచ్చి వెళ్లిపోయాడు.

రాత్రి. వాణీ జయరాం గారు పాటల్లోకి రాకముందు స్టేటు బ్యాంకులో పనిచేశారు. 1967లో హైదరాబాదుకి బదిలీ. అప్పుడా బ్యాంకుకి వెళ్లినవాళ్లలో ఎవరికైనా గుర్తుందా, చలానా అందుకున్న చేయి? "వెనక సంతకం పెట్టండి" అన్న గొంతు?

ఫిబ్రవరి 8, బుధవారం

తుర్కియే, సిరియా. సోమవారం తెల్లవారుజామున 4.17కి భూకంపం. 7.8. పడుకున్నవాళ్లు పడుకున్నట్టే. పేపర్లో అంకె రోజూ మారుతోంది. పొద్దున వేసింది మధ్యాహ్నానికి పాతది.

ఒక ఫొటో. నారింజ రంగు కోటు వేసుకున్న తండ్రి, కూలిన ఇంటి మీద కూర్చుని ఉన్నాడు. శ్లాబు కింద పరుపు. పరుపు మీద కూతురు. చేయి ఒక్కటే బయటికి ఉంది. ఆ చేయి పట్టుకుని కూర్చున్నాడు. లాగడం లేదు. ఏడవడం లేదు. చలి. ఊరికే పట్టుకున్నాడు.

మా ఆవిడ ఆ పేజీ మడిచి బోర్లా పెట్టింది. సాయంత్రం చూస్తే తనే తెరిచి చూస్తోంది. రాత్రి అమ్మాయికి ఫోను చేసింది. "ఏం లేదు, ఊరికే చేశా," అంది. ముప్పావుగంట మాట్లాడింది.

ఫిబ్రవరి 9, గురువారం

పెట్టె దొరికింది. అటక మీద కాదు, మంచం కింద.

బోసు రోడ్డు పక్క సందులో షాపు. 1983 నుంచి పదిహేడేళ్లు. రెండు డెక్కులు, ఒక ప్లేయరు, గోడ నిండా రికార్డులు. అరవై నిమిషాల క్యాసెట్టు నింపితే పది రూపాయలు కూలి. ఖాళీ క్యాసెట్టు వాళ్లు తెచ్చుకుంటే. పాటల చీటీ రాసి ఇచ్చి, రెండ్రోజులాగి వచ్చేవాళ్లు.

"శంకరాభరణం" ఎన్ని నింపానో. వీణ మేస్టారికి, ఎండు మిర్చి కమిషన్ వ్యాపారికి, కాన్పుకి పుట్టింటికొచ్చిన అమ్మాయికి. నా సొంత కాపీ ఇది. మెల్‌ట్రాక్ అరవై. డబ్బా పగిలింది. లోపల అట్టముక్క, నా చేతిరాత, నల్లసిరా. సినిమా పేరు. సంగీతం: కె.వి. మహాదేవన్. గానం: బాలు, జానకి, వాణీ జయరాం. కింద సన్నగా, రచన: వేటూరి. అక్కడికి అట్ట అయిపోయింది.

డైరెక్టరు పేరు లేదు. ఏ క్యాసెట్టు మీదా లేదు. ఒక్కటొక్కటీ తీసి చూశాను.

టేపు బిగుసుకుపోయింది. పెన్సిలు దూర్చి తిప్పాను. కొంచెం కదిలింది.

ఫిబ్రవరి 11, శనివారం

ఘంటసాల పోయిన రోజు. 1974. యాభై ఒక్క ఏళ్లకే.

పొద్దున వైకుంఠరథం వెళ్లింది మా వీధిలోంచి. స్పీకర్లో భగవద్గీత, ఆయనదే. ఎదురింటి పిల్లవాడు గేటు పట్టుకుని "అమ్మా, ఎవరో చచ్చిపోయారు," అని అరిచాడు. మనిషిని చూడలేదు వాడు. గొంతు విన్నాడంతే.

గీత రికార్డు ఆయన పోయాకే బయటికొచ్చింది. అట్ట మీద తన ఫొటో ఆయన చూడలేదు.

షాపులో గీత రెండు ఎప్పుడూ నింపి పెట్టి ఉంచేవాణ్ణి. అర్ధరాత్రి ఇంటికొచ్చి లేపేవాళ్లు. అడగక్కర్లేదు, మొహం చూస్తే తెలిసేది. తాళంచెవి తీసుకుని వెళ్లేవాణ్ణి. దానికి కూలి తీసుకోలేదెప్పుడూ. పదకొండో రోజు అయ్యాక తెచ్చి ఇచ్చేసేవాళ్లు. ఇంట్లో ఉంచుకోకూడదని.

ఒక్కావిడ మాత్రం తిరిగివ్వలేదు. మూడు నెలల తరవాత బజార్లో కనబడి తనే చెప్పింది. "ఉండనియ్యండి బాబూ. ఆ పది రోజులూ ఇంట్లో మగగొంతు అదొక్కటే."

ఫిబ్రవరి 12, ఆదివారం

రేపల్లె బండెక్కాను. ఎందుకో మా ఆవిడకి చెప్పలేదు. అడగలేదు కూడా. మజ్జిగ సీసా చేతికిచ్చింది.

భట్టిప్రోలులో దిగి ఆటో. పెదపులివర్రు. పోయిన ఏడాది దాకా గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. సెంటర్లో ఫ్లెక్సీ, పూలదండ ఎండిపోయి ఉంది. పుట్టిన ఇల్లు ఎక్కడని అడగలేదు. అడిగితే చూపించేవాళ్లేమో. వాళ్ల వాకిట్లో నిలబడి నేనేం చెయ్యాలి?

అరుగు మీద ఒక పెద్దాయన కందికట్టెతో చీపురు కడుతున్నాడు.

"ఆయన చిన్నప్పుడే వెళ్లిపోయారండీ. మేమూ సినిమాల్లోనే చూశాం." కాసేపాగి, "మొన్న టీవీలో ఊరి పేరు చెప్పారు. నాలుగు సార్లు," అన్నాడు. నాలుగు వేళ్లు చూపించాడు.

తిరుగు బండికి టైముంది. భట్టిప్రోలు స్తూపం దగ్గరికి నడిచాను. ఇటుకల దిబ్బ, చుట్టూ కంచె, ఒక మేక. 1892లో అలెగ్జాండర్ రే తవ్వించాడు. మూడు రాతి పెట్టెలు దొరికాయి. బుద్ధుడి అస్థికలు. మూతల అంచుల మీద బ్రాహ్మీ అక్షరాలు, క్రీస్తుకు ముందువి. పెట్టెలు మద్రాసు మ్యూజియానికి వెళ్లాయి. కుర్రతనంలో అక్కడ చూశాను. అప్పుడు పట్టించుకోలేదు. తరవాత పుస్తకాల్లో చదివాను.

ఆ అక్షరాల నిండా పేర్లే. కుబీరకుడనే రాజు. గోష్ఠి సభ్యులు, వరసగా. రాతి మీద చోటు ఉన్నంతవరకూ పేర్లు. ఒక చోట కుర అనే మనిషి, అతని తండ్రి, అతని తల్లి. పెట్టె చేయించింది వాళ్లు. తండ్రికీ తల్లికీ సొంత పేర్లు చెక్కలేదు. కుర తండ్రి. కుర తల్లి. అంతే. రెండు వేల ఏళ్ల పైనుంచీ అలాగే ఉన్నారు.

బండిలో నిద్ర పట్టింది. మజ్జిగ అలాగే తిరిగొచ్చింది.

ఫిబ్రవరి 14, మంగళవారం

నిన్న రాయలేదు. నిన్న బాలు మహేంద్ర పోయిన రోజు, 2014. "శంకరాభరణం" కెమెరా ఆయనదే. ఆ తంబురా మీద పడ్డ వెలుతురు ఆయనది.

నిన్ననే ముంబైలో లలితా లాజ్మీ. చిత్రకారిణి, 90 ఏళ్లు. వార్త మొదటి మాట: గురుదత్ చెల్లెలు. గురుదత్ 1964లో పోయాడు. ఆ తరవాత యాభై ఎనిమిదేళ్లు ఆవిడ బొమ్మలు వేస్తూ, చెక్కుతూ, అచ్చులు తీస్తూ ఉన్నారు. అది నాలుగో వాక్యంలో ఉంది.

"తారే జమీన్ పర్"లో పిల్లల బొమ్మల పోటీకి వచ్చిన పెద్దావిడ ఈవిడే. మా మనవడితో కలిసి చూశాం. "ఆవిడ నిజం టీచరా?" అని అడిగాడు. కాదు, నటి, అన్నాను. తప్పు చెప్పాను. వాడికి ఫోను చేసి చెప్పాలి.

ఫిబ్రవరి 17, శుక్రవారం

ఆటల పేజీలో, కింద. తులసీదాస్ బలరాం. నిన్న కలకత్తాలో.

సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టినాయన. తమ్ముడుండేది మల్కాజ్‌గిరి. ఫోను చేశాను.

"ఇక్కడా అన్నయ్యా? అమ్ముగూడలోనా? రోజూ ఆ స్టేషను మీంచే గదా వెళ్తా."

1956 మెల్బోర్న్ ఒలింపిక్స్ ఫుట్‌బాల్లో మనది నాలుగో స్థానం. ఆ జట్టులో ఈయన. 1960 రోమ్. హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒకటి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం, ఫైనల్లో దక్షిణ కొరియా మీద. కోచ్ హైదరాబాదు రహీం సాబ్. పతకం తెచ్చిన మరుసటి ఏడు జూన్‌లో రహీం పోయారు. ఆ ఏడే ఊపిరితిత్తుల జబ్బు వల్ల బలరాం ఆట మానేశారు. ఇరవై ఏడేళ్లకి.

పి.కె., చునీ, బలరాం. ముగ్గురి పేర్లూ కలిపి ఒక్క మాటలా పలికేవాళ్లు. మొదటి ఇద్దరూ 2020లో పోయారు, నెలన్నర లోపు తేడాలో. మూడేళ్లు ఈయన ఒక్కరే.

పెళ్లి చేసుకోలేదు. ఉత్తర్‌పారాలో, హుగ్లీ ఒడ్డున ఫ్లాటు. ఆట మానేశాక అరవై ఏళ్లు బతికారు. ఆడింది పదేళ్లు కూడా లేదు.

తమ్ముడు సాయంత్రం మళ్లీ చేశాడు. అమ్ముగూడలో ఇద్దరు ముగ్గుర్ని అడిగాడట. ఒక కిరాణా కొట్టాయనకి తెలుసు. "ఫుట్‌బాల్ బలరామా? మా నాయన చెప్పేవాడు," అన్నాడట. తమ్ముడి గొంతులో ఏదో గెలిచినట్టుంది.

ఫిబ్రవరి 18, శనివారం

మహాశివరాత్రి. ఉపవాసం. రాత్రి గుడి దగ్గర జాగారం, తెర కట్టి సినిమా వేశారు. సగంలో జనం ఫోన్ల వంక చూడ్డం మొదలుపెట్టారు. నటుడు తారకరత్న పోయాడు.

గత నెల 27న కుప్పంలో పాదయాత్ర మొదటి రోజు కూలిపోయాడు. బెంగళూరులో ఇరవై మూడు రోజులు. 39 ఏళ్లు. వచ్చే బుధవారం పుట్టినరోజు.

అతను పడిపోయిన రోజే హైదరాబాదులో జమున పోయారు. 86. ఆ రోజు టీవీలో తెర సగం ఆవిడ, సగం ఇతను.

సినిమా ఆపలేదు. ఎవరూ చూడలేదు. వెనక గోడకి ఆనుకుని ఒక కుర్రాడు, పార్టీ కండువా మెళ్లో ఉంది, తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీసి మొహం తుడుచుకున్నాడు.

ఫిబ్రవరి 19, ఆదివారం

విశ్వనాథ్ గారి పుట్టినరోజు. నిర్మలమ్మ పోయిన రోజు, 2009.

నిర్మలమ్మ "శంకరాభరణం"లో ఉన్నారు. ఎక్కడ లేరు? నూరు సినిమాల్లో అదే ముక్కుపుడక, అదే విసురు. చిన్నప్పుడు మా అమ్మమ్మని సినిమాకి తీసుకెళ్తే తెర మీద నిర్మలమ్మ రాగానే సర్దుకుని కూర్చునేది. తన మనిషి వచ్చినట్టు.

జాగారం నిద్ర. పగలంతా పోయింది.

ఫిబ్రవరి 22, బుధవారం

జి.జి. కృష్ణారావు. ఎడిటరు. నిన్న బెంగళూరులో.

పేపర్లో చిన్న వార్త. పాత ఫొటో, ఎవరి పక్కనో నిలబడి ఉంటే కత్తిరించినట్టుంది. భుజం మీద ఇంకెవరిదో చేయి.

"శంకరాభరణం", "సాగరసంగమం", "స్వాతిముత్యం". అటు "బొబ్బిలిపులి" కూడా. ఆ మొదటి మూడూ ఇంట్లో ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. టైటిల్సులో ఆయన పేరు అన్నిసార్లూ కళ్ల ముందు నుంచి వెళ్లింది. మా ఆవిణ్ణి అడిగాను. గుర్తు లేదంది. నాకూ లేదు.

ఆ పని కొంచెం తెలుసు. ఫిల్ము కాదు, టేపు. తెగిన టేపు అతికించాలంటే రెండు కొసలూ ఏటవాలుగా కొయ్యాలి. నిటారుగా కోస్తే ఆ చోట టప్‌మంటుంది. ఏటవాలుగా కోస్తే ఒకటి తగ్గుతుండగా రెండోది అందుకుంటుంది, చెవికి తెలియదు. బాగా అతికిస్తే గిరాకీ అడిగేవాడు: "ఎక్కడ తెగిందండీ?" కొత్త బ్లేడు ఒక్క పనికే వాడేవాణ్ణి.

సినిమా అంటే సెకనుకి 24 బొమ్మలు. "శంకరాభరణం" చివరి కచేరీలో గురువు శాస్త్రిగారు పాడలేక ఆగిపోతారు. పిల్లవాడు అందుకుంటాడు. ఆ ఆగడానికీ అందుకోవడానికీ మధ్య ఎంత వదలాలి? పది బొమ్మలా, ముప్ఫయ్యా? అది ఒక గదిలో, బల్ల ముందు, ఫిల్ము చేత్తో పట్టుకుని తేల్చారు. డైరెక్టరు పక్కనే ఉండి ఉంటారు. కోసింది ఈయన చేయి.

హాల్లో మేం ఏడ్చింది ఆ మధ్యలోనే.

రెండు, నాలుగు, ఇరవై ఒకటి.

ఫిబ్రవరి 23, గురువారం

అట్టముక్క తీసి చూశాను. వేటూరి పేరు కింద రవ్వంత చోటుంది. గోరంత. సన్నటి పెన్ను లేదు. స్టేషనరీ కొట్టుకి వెళ్లాను. కుర్రాడు నాలుగు రకాలు చూపించాడు. "దేనికండీ, పెద్దాయనా?" అన్నాడు. పేర్లు రాయడానికి, అన్నాను. పెళ్లి శుభలేఖల మీద రాయడానికనుకుని బంగారు సిరాది ఇవ్వబోయాడు.

ఫిబ్రవరి 24, శుక్రవారం

ముళ్లపూడి వెంకటరమణ, 2011. శ్రీదేవి, 2018, దుబాయిలో.

రమణగారు పోయినప్పుడు ఆయన రాసిన "శ్రీరామరాజ్యం" ఇంకా విడుదల కాలేదు. ఆ ఏడు నవంబర్లో వచ్చింది. చూడ్డానికి వెళ్తే, తెర మీద ఆయన పేరు పడగానే హాల్లో చప్పట్లు. రమణగారు పోయాక బాపుగారు మూడున్నరేళ్లున్నారు. ఆ మూడున్నరేళ్లలో ఆయన ఫొటో ఎక్కడ వేసినా పక్కన ఖాళీ కనబడేది. ఫొటో తీసినవాళ్లు వదల్లేదు. మనకే కనబడేది.

శ్రీదేవి పోయిన మర్నాడు మా ఆవిడ బీరువాలోంచి తెల్ల షిఫాన్ చీర తీసి ఎండలో వేసింది. 1990లో కొన్నది. ఎప్పుడూ కట్టలేదు.

మనవడికి ఫోను చేశాను. ఆవిడ నిజంగా బొమ్మలు వేసేవారని చెప్పాను. "అయితే నేను కరెక్టే," అన్నాడు.

ఫిబ్రవరి 27, సోమవారం

నిన్న విశ్వనాథ్ గారి భార్య పోయారు. హైదరాబాదులో. ఆయన పోయిన ఇరవై నాలుగు రోజులకి.

ఏడు వాక్యాల వార్త. ఆరింటిలో ఆయన ఉన్నారు.

మా ఆవిడ కళ్లజోడు లేకుండా పేపరు దూరంగా పట్టుకుని చూసింది. "పేరు వేశారా?"

వేశారు.

"పైకి చదవండి."

చదివాను. ఇంకోసారి చదవమంది. చదివాను.

"ఆయన షూటింగుల్లో ఉంటే పిల్లల్ని ఎవరు చూశారనుకుంటున్నారు? ఖాకీ బట్టలు ఎవరు ఉతికారు?" అంది. నేనేమీ అనలేదు. జవాబు కోసం అడగలేదని తెలుసు.

గింజలు తీసిన చిక్కుడుకాయ తొక్కలు పేపర్లో పోసి మడవబోయి, ఆ పేజీ తీసి పక్కన పెట్టింది. వేరే పేజీలో పోసింది.

ఫిబ్రవరి 28, మంగళవారం

ఒకప్పుడు షాపులో పనికుండిన అబ్బాయి వచ్చాడు. అబ్బాయేమిటి, యాభై దాటాయి. ఇప్పుడు ఏసీలు రిపేరు చేస్తున్నాడు. డెక్కు బెల్టు సాగిపోయిందంటే ఎక్కడో వెతికి తెచ్చాడు. నా చేత డబ్బు తీసుకోలేదు. కింద కూర్చుని స్క్రూలు విప్పాడు. హెడ్డు మీద స్పిరిటు దూది పెట్టి తుడిచాడు. దూది ఎర్రమట్టి రంగుకి వచ్చింది. పదిహేడేళ్ల పాటల తుక్కు.

క్యాసెట్టులో చిన్న స్పాంజి ఊడిపోయింది, టేపుని హెడ్డుకి అదిమేది. వేరే క్యాసెట్టులోంచి తీసి పెట్టాం. దేంట్లోంచి తియ్యాలని ఇద్దరం చాలాసేపు చూశాం. చివరికి ఒక హిందీ డిస్కోలోంచి.

అరవై అంటే సుమారు 90 మీటర్ల టేపు. సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. నా పనిలో నాకు నోటికొచ్చిన లెక్క ఇదొక్కటే.

వేశాడు. ముందు బుస్‌మంది. తరవాత తంబురా.

అట్ట మీద ఇప్పుడు రెండు పేర్లు కొత్తగా ఉన్నాయి. డైరెక్టరుది, ఎడిటరుది. కొత్త సిరా ముదురుగా ఉంది. మూడోదానికి చోటు లేదు. అట్ట తిప్పి వెనక రాశాను.

ఎ సైడు చివర రెండు నిమిషాలు మిగిలాయని, ఖాళీ వదలడం ఇష్టం లేక, అప్పట్లో చివరి పాట అక్కడే మొదలుపెట్టాను. మిగతాది బి సైడుకి ఎక్కించాను. అలా నింపకూడదు. గిరాకీ అయితే తిట్టేవాడు. నాదే గదా అని వదిలేశాను.

అబ్బాయి కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని వింటున్నాడు. బాలు గొంతు పైకి వెళ్తోంది. సగంలో తెగింది. టక్‌మని బటను పైకి లేచింది.

వంటింట్లోంచి మా ఆవిడ. "ఆపేశారేం? తిప్పండి."